తలుపు మీది రేపు

సిద్ధమ్మ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఒళ్ళో చేట పెట్టుకుని కొర్రల్లో రాళ్ళేరుతూ, అడిగినవాళ్ళ ముఖంలోకి ఒకసారి చూసి, "కానీలే, చూద్దాం" అనేవారు. అంతే. అడిగినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయి వేరే పనుల్లో పడ్డాక, ఏ బావి దగ్గరో ఏ చేనిగట్టు మీదో ఆ జవాబు ఎదురుపడేది. మా గుండ్లకొట్టాల మఠానికి ఆమె గురువు. పెద్ద శిష్యుడు శరభయ్య. శ్లోకం తప్పులేకుండా చెప్పేవాడు, చేతిరాత అచ్చు పోసినట్టుండేది, మఠంలో ప్రతి పనికీ ఒక వేళ కట్టి నడిపించేవాడు. ఒకనాటి సాయంత్రం ఆ శరభయ్యే ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"అమ్మగారూ, ఒక్క సంగతి చెప్పండి. రేపు అన్న మాటలో తప్పేముంది?"

చేటలో వేళ్ళు ఆగలేదు. "ఎవరన్నారు తప్పని?"

"ఆ గుట్టకింది సవారమ్మ. నలుగురిలో నన్ను నిలబెట్టి, 'సామీ, ఆ రేపు ఎట్లుంటాదో మాకొకసారి చూపించు, కండ్లారా చూసి పోతాము' అనింది. ఆడవాళ్ళంతా నవ్వారు. రేపు అనేదే లేకపోతే లోకంలో ఒక్క పనైనా నడుస్తుందా? పప్పు నానబెట్టేది రేపటి కోసం. పాలు తోడు పెట్టేది రేపటి కోసం. అన్నీ ఇవాళే చెయ్యాలంటే మనిషికి పిచ్చెక్కుతుంది. నేను రేపు రమ్మంటే మాత్రం అదేదో తిట్టినట్టు! ఆ మాటకు అర్థమేమిటో మీరే చెప్పండి."

సిద్ధమ్మ గారు ఒక రాయి తీసి పక్కన పడేసి, "కానీలే నాయనా, చూద్దాం" అన్నారు.

శరభయ్య కోపం అర్థం కావాలంటే మా మఠం ఆచారం ఒకటి చెప్పాలి. వెనకటి గురువు పెట్టింది. పంట వచ్చినప్పుడు ఊరివాళ్ళు మంచి గింజలు ఏరి మఠంలో పోస్తారు. వాన పడ్డాక విత్తనం లేనివాళ్ళు వచ్చి అడిగి పట్టుకుపోతారు. పోసిందెవరో, పట్టుకుపోయేదెవరో అడగకూడదని ఆ పెద్దాయన మాట. ఆ గింజల గది తాళంచెవి శరభయ్య మొలలో ఉండేది. వాన పడగానే జనం తోసుకుంటూ వచ్చి మీద పడుతున్నారని అతడొక పద్ధతి పెట్టాడు. మొదట పెద్ద వీధికి ఒక దినం, తరువాత నడి వీధికి, ఆ తరువాత బజారుకు, ఆఖరున గుట్టకింది గుడిసెలకు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ గుట్టకిందివాళ్ళ దినం వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఇవాళ అమావాస్య, గింజ గడప దాటకూడదు, రేపు రండి. కొలిచే పడి పెద్ద వీధిలో ఎవరో తీసుకుపోయారు, రేపు రండి. ఇవాళ నాకు ఉపవాసం, ఓపిక లేదు, రేపు రండి. అదే పెద్ద వీధివాళ్ళ దినాన అమావాస్య వస్తే అది మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోయేది. ఎవరెవరికి అడ్డు రావాలో, ఎవరికి రాకూడదో అంత చక్కగా తెలిసిన అమావాస్యను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ రేపు అనే మాటను నేను బతుకంతా విన్నాను, చాలా ఆలస్యంగా చదివాను. అందుకేనేమో దాన్ని చూస్తే ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. తిరనాళ్ళలో బొమ్మ కావాలని ఏడ్చే బిడ్డకు తల్లి "రేపు కొనిస్తాలే" అంటే అది జోకొట్టడం. బావి దగ్గర విడిపోతూ ఇద్దరాడవాళ్ళు "రేపొస్తావు కదా" అనుకుంటే అది ప్రేమ. వడ్రంగి "రేపిస్తా" అన్నాడంటే ఇంకా చెక్క కొయ్యలేదని. రవిక కుట్టే ఆయన "రేపు పక్కా" అన్నాడంటే గుడ్డ ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడని. వీటికి మనం నవ్వుకుంటాం, మనమూ ఎవరికో ఒకరికి అట్లా చెప్పే ఉంటాం. కానీ తాళంచెవి చేతిలో ఉన్నవాడు చెప్పే రేపు వేరే. దాన్ని చెప్పేవాడు కూర్చునే ఉంటాడు. నడవాల్సింది విన్నవాళ్ళు. చెప్పడానికి గుక్కెడు గాలి చాలు. వినడానికి మాత్రం ఒక దినం కూలి పోవాలి, చంటిదాన్ని ఎవరి దగ్గరో వదలాలి, ఎండలో గుట్టకింది నుంచి మఠం దాకా నడిచి మళ్ళీ వెనక్కి నడవాలి. రెండు వైపులా అంత తేడా ఉన్న మాటను ఒకే మాట అని ఎట్లా అంటారో నాకు తెలియదు. ఇది రాస్తుంటే నాకు మళ్ళీ కోపం వస్తోంది. కానివ్వండి, జరిగింది చెబుతాను.

ఆ ఏడే ఊళ్ళో దయ్యం పుకారు లేచింది. పొద్దుగూకే వేళ అయినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట, పలికితే ఇక అంతేనట. మా వైపు దానికొక మందు ఉంది. తలుపు మీద ఎర్రమన్నుతో "రేపు రా" అని రాస్తారు. దయ్యం వస్తుంది, చదువుకుంటుంది, సరేనని వెళ్ళిపోతుంది. మరునాడు వస్తుంది, మళ్ళీ చదువుకుంటుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మా ఆడవాళ్ళలో దాదాపు ఎవరికీ రాదు. దయ్యానికి మాత్రం వచ్చు! ఏ బడికి పోయిందో, ఎవరు ఒళ్ళో కూర్చోబెట్టుకుని దిద్దించారో అని నేను నిజంగానే ఆశ్చర్యపోయేదాన్ని. ఊరంతటికీ ఆ మాట రాసిపెట్టింది శరభయ్యే. రాత చక్కగా ఉంటే దయ్యం మర్యాదగా చదువుకుంటుందని జనం నమ్మకం. అతడు నమ్మాడో లేదో తెలియదు గానీ, ఎవరు పిలిచినా ఎర్రమన్ను కలిపిన ముంత పట్టుకుని సంతోషంగా పోయేవాడు.

సిద్ధమ్మ గారు మధ్యాహ్నాలు మఠం పంచలో మాబోటివాళ్ళకు అక్షరాలు చెప్పేవారు. ఇసుక పరిచి వేలితో దిద్దించేవారు. "ముందు ఏ మాట నేర్చుకుంటారు?" అని అడిగితే మేమంతా ఒక్కసారే "తలుపుల మీద ఉందే, ఆ మాట" అన్నాం. ఊరినిండా కనిపించే మాట అదొక్కటే మరి. సవారమ్మ కలుపు పని నుంచి నేరుగా వచ్చేది, నడుంలో కొడవలి అట్లే ఉండేది. ఆమె వేలు గట్టిది, ఆమె దిద్దిన అక్షరం ఇసుకలో చాలు తీసినట్టు లోతుగా పడేది. 'ప'కు కొమ్ము పెడితే 'పు' అవుతుందని చెప్పినప్పుడు ఆమె అందరి వైపూ చూసి, "చూడండమ్మా, ఎద్దు లేని ఇంటికి కొమ్మొచ్చింది" అనింది. ఆ పూట ఇక ఎవరికీ చదువు సాగలేదు, నవ్వే సరిపోయింది. ఇసుకలో ఆమె ఆ మాటను బాగానే గుర్తుపట్టేది. గోడల మీద కనిపిస్తే మాత్రం తడబడేది. "ఇసుకలో పండుకున్న మాట గోడ మీద నిలబడితే మొగం మారిపోతాది అవ్వా" అనేది. సిద్ధమ్మ గారు, "ఒకనాడు అదే నిన్ను పలకరిస్తుంది, తొందరపడకు" అనేవారు.

ఆ ఏడు మృగశిర కార్తె చుక్క నీరు లేకుండా పోయింది. ఆరుద్రలో ఒక వాన పడింది. బాగానే పడింది, కానీ మా నేలలో తడి నిలవదు. పడమటి గాలి లేచిందంటే పొద్దుటికున్న పదును మాపటికి ఉండదు. ఆ పదును మీదే గింజ పడాలి. సవారమ్మ పెనిమిటి గొర్రెల మంద వెంట దూరం పోయాడు. గుట్టవాలులో రాళ్ళ చేను ఒకటి ఉంది వాళ్ళకు, ఏడాది తిండి దాంట్లోంచే రావాలి. ఎద్దులు లేవు. పెద్ద వీధి హనుమంతరెడ్డి గారి చేలో కలుపు తీసి, దానికి బదులుగా ఒక్క దినం ఎద్దుల కాడి ఇస్తామన్న మాట తెచ్చుకుంది. ఆ దినం తప్పితే వాళ్ళ ఎద్దులు వాళ్ళ చేలకే చాలవు. ముందునాటి సాయంత్రం ఆమె సిద్ధమ్మ గారి దగ్గరికి వచ్చింది.

"అవ్వా, తెల్లారితే కాడి వస్తాది. ఒక్క దినమే. విత్తే గొర్రు మా మామ కాలందే, ఉండాది. గింజ ఒకటి లేదు. సామినడిగితే మా వీధి దినం రాలేదంటాడు. మా దినమొచ్చే పొద్దుకు చేను పెంకైపోతాదవ్వా. ఈ తూరి విత్తకపోతే నేనూ మంద వెంట పోవాల్సిందే. బిడ్డల్ని యాడ పెట్టి పోదును?"

సిద్ధమ్మ గారు శరభయ్యను పిలిచారు. "పొద్దున్నే సవారమ్మకు కొర్రలు కొలిచి ఇయ్యి."

"అమ్మగారూ, మనం పెట్టుకున్న పద్ధతి..."

"పద్ధతి నొచ్చుకుంటే నా దగ్గరికి పంపు. నేను చెప్పుకుంటాను."

శరభయ్య తల వంచి సరేనన్నాడు. సవారమ్మ వైపు తిరిగి, "రేపు రా. తెల్లవారేసరికి గదిలోనే ఉంటాను" అన్నాడు.

"నిజం రేపేనా సామీ?" అనింది ఆమె, కండ్లతో నవ్వుతూ.

"నిజం రేపే" అన్నాడు అతడు. అతడికీ నవ్వొచ్చింది.

అతడు మాట తప్పలేదు. అది చెప్పి తీరాలి. తెల్లవారకముందే స్నానం చేసి గదిలోకి పోయాడు. నేల చిమ్మాడు, పడి నిండా కొర్రలు పోసి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కోళ్ళు లోపలికి దూరి గింజలు చెదరగొడుతున్నాయని తలుపు మాత్రం దగ్గరికి వేశాడు. గడియ కూడా పెట్టలేదు. ఆ తలుపు సందువైపు ఉంటుంది. ముందురోజు ఆ సందులో ఎవరో దయ్యం గొంతు విన్నామని గోల చేస్తే, పొద్దుగూకేలోగా ఆ వరస తలుపులన్నిటికీ రాసుకుంటూ వచ్చి, శరభయ్య గింజల గది తలుపుకూ రాశాడు. చక్కగా, పెద్ద అక్షరాలతో, మనిషి కంటికి ఎదురుగా. తెల్లవారేసరికి ఆ ఎర్రమన్ను ఇంకా పూర్తిగా ఆరలేదు.

మధ్యాహ్నం మేము చదువుకోవడానికి పంచలో చేరేసరికి శరభయ్య రుసరుసలాడుతూ వచ్చాడు.

"చూశారా అమ్మగారూ! రేపు రమ్మంటే ఏడుస్తారు. ఆ రేపు పొద్దున్నే వచ్చి కూర్చుంటే రారు. పడి నింపుకుని ఇంతసేపు కూర్చున్నాను, సవారమ్మ జాడ లేదు. నేను మీకు చెబుతూనే ఉన్నాను, వీళ్ళకు వేళ అంటే లెక్కలేదు. రేపటి నిన్న అడిగాను, రేపు అంటే అర్థమేమిటని. నన్ను కాదు, వాళ్ళను అడగాల్సింది!"

కోపంలో రేపూ నిన్నా కలిపేశాడు, పాపం. ఎవరమూ నవ్వలేదు. సవారమ్మ వేళ తప్పే మనిషి కాదు. గింజ కోసం అసలే కాదు. సిద్ధమ్మ గారు చేట కింద పెట్టి లేచారు. "పదండి" అన్నారు. శరభయ్యతో సహా అందరం ఆమె వెంట నడిచాం.

గుట్టవాలుకు చేరేసరికి పడమటి గాలి లేచింది. చేలో ఎద్దులు లేవు. గట్టు పక్కన గొర్రు, మోకు పడి ఉన్నాయి. సవారమ్మ వంగి చేలో రాళ్ళేరి కుప్ప పోస్తోంది. మమ్మల్ని చూడగానే కొంగు దులుపుకుంటూ పరుగున వచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను ముందెన్నడూ చూడలేదు. ఈ మాట రాయడానికి నాకు మనసు రావడం లేదు, కానీ అది నిజం.

"అవ్వా! చదివినానవ్వా!"

"ఏం చదివినావమ్మా?"

"సామి తలుపు మీద! పక్కన ఎవరూ లేరు, ఎవరూ చెప్పలేదు. నేనే. ముందు 'రే' పట్టుకున్యా. ఆ పక్కన చూస్తే కొమ్ము. ఎద్దు కొమ్ము! ఆ మీదట 'రా'. మాట నిలబడి ఉన్యా గుర్తుపట్టినా అవ్వా. మొగం మారలేదు. నువ్వు చెప్పినట్టే పలకరిచ్చింది." అంతవరకూ చెప్పి ఆమె ఆగింది. ముఖంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. "చదివేటప్పుడు సంతోషం. చదివినాక తెలిసింది, రేపు రా అని ఉండాదని. ఇంటికొచ్చేసినా."

శరభయ్య ముందుకొచ్చాడు. "లోపలే ఉన్నాను కదా! తలుపు తొయ్యకూడదా? ఒక్క కేక వెయ్యకూడదా?"

"నోటితో అనింటే బతిమాలుకుందును సామీ. ఎన్ని తూర్లు బతిమాలలేదు మిమ్మల్ని? ఇది రాసి పెట్టినారు కదా. రాసినదాంతో ఎట్ల కొట్లాడేది? నాకేం తెలుసు, రాత్రికి రాత్రి మీకేం పని పడిందో అనుకున్యా." ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అదే నన్ను కోసేసింది. "చదువు రాకపోయింటే తలుపు కొట్టిందును" అనింది.

మేము అక్షరాలు దిద్దిన వేళ్ళతో అట్లే నిలబడిపోయాం. ఒక మనిషి పుట్టి ఇంత వయసొచ్చాక తనంతట తానే చదివిన మొదటి మాట, ఆమెను గుమ్మం లోంచి వెనక్కి పంపింది. దయ్యాన్ని పంపినట్టే పంపింది. కాకపోతే దయ్యానికి చేను లేదు, బిడ్డలు లేరు, అది ఎన్ని రేపులైనా తిరగగలదు.

"కాడి ఏమైంది?" అన్నారు సిద్ధమ్మ గారు.

"తోలుకొచ్చిన అన్న ఎండెక్కేదాకా కూచున్యాడు. గింజ రేపంట అన్నా అంటే, రేపు ఈ ఎద్దులకు మా రెడ్డి చేనుందమ్మా అని తోలుకుపోయినాడు. ఆయన్దేం తప్పు లేదు."

సిద్ధమ్మ గారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆమె గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించారు.

"ఆ మాట ఎవరి కోసం రాసినావు, శరభయ్యా?"

"దయ్యం కోసం, అమ్మగారూ."

"చదివిందెవరు?"

అతడు నేల చూశాడు. "నేను పోయి రెడ్డిగారి కాళ్ళు పట్టుకుంటాను. ఎద్దులను తీసుకొస్తాను" అన్నాడు. ఆమె అతడి మాట విననట్టే వంగి చేలో గుప్పెడు మన్ను తీసి పిసికి చూశారు. పిడికిలి విప్పితే ముద్ద నిలిచింది, కానీ అంచులు అప్పుడే రాలుతున్నాయి. "ఎద్దులు ఆయన చేలో ఉన్నాయి. ఆయనా విత్తుకోవాలి కదా. గింజలు పట్టుకురా, పో" అన్నారు. శరభయ్య పరుగెత్తాడు. గింజల మూట అతడి తల మీద ఉండగా చూడటం ఊరికి అదే మొదలు.

అతడు తిరిగొచ్చేసరికి సిద్ధమ్మ గారు గొర్రుకు కట్టిన మోకు తన భుజం మీద వేసుకుని నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. శరభయ్య మూట కింద పడేసి, "అమ్మగారూ, మీరా! ఇదేమిటి, వద్దు!" అని చేతులు జోడించాడు.

"అయితే నువ్వు" అన్నారు ఆమె. మోకు తీసి అతడి భుజం మీద వేశారు.

పంచె ఎగగట్టి శరభయ్య ఒక పక్క లాగాడు. రెండో పక్క మా చదువు ఆడవాళ్ళం వంతులు మార్చుకుంటూ లాగాం. ఒకరు వెనక గొర్రు నొక్కి పట్టుకుంటే, సవారమ్మ పక్కన నడుస్తూ గొర్రు మీది చెక్క గిన్నెలోకి గింజ జారవిడిచింది. వెదురు గొట్టాల్లోంచి కొర్రలు చాళ్ళలో పడుతుంటే సన్నటి చప్పుడు. రాళ్ళ నేల, ఎద్దులకే బరువు. గాలి ముఖాన మన్ను కొడుతోంది. శరభయ్య కాలు తడబడి చాలు వంకర పోతే సవారమ్మ అలవాటు కొద్దీ "హోయ్! హో, పక్కకి!" అని అదిలించి, వెంటనే నాలుక్కరుచుకుంది. "తప్పైపోయింది సామీ, నోటికొచ్చేసింది."

"అదిలించు తల్లీ. చాలు తప్పితే అదిలించాల్సిందే కదా" అన్నారు సిద్ధమ్మ గారు గట్టు మీద నుంచి.

దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. పెద్ద వీధి సంజన్న, తన దినాన మొదటి పడి కొలిపించుకుపోయినవాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సామీ, ఏ వీధి ఎద్దువి నువ్వు? ఈ పొద్దు అమావాస్య కాదా?" అని అరిచాడు. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. శరభయ్య చెవులు కందిపోయాయి. అతడు తలెత్తలేదు, ఆగనూ లేదు. నాకు సంజన్న మీద వచ్చినంత కోపం శరభయ్య మీద కూడా రాలేదు. మధ్యాహ్నానికే వెళ్ళిపోయే అమావాస్య పుణ్యాన గింజ పట్టుకుపోయినవాడికి నవ్వే హక్కు ఎవరిచ్చారు? సిద్ధమ్మ గారు అతడి వైపు తిరిగి, "నాయనా సంజన్నా, నవ్వు అయ్యాక రా. ఇంకో భుజం కావాలి" అన్నారు. అతడికి ఊళ్ళో ఏదో పని గుర్తొచ్చింది.

పొద్దు పడమటికి వాలింది. సగం చేను అయింది, సగం మిగిలింది. మోకు రాసుకుని శరభయ్య భుజం కమిలిపోయింది, అరచేతుల్లో బొబ్బలు లేచాయి. చక్కటి రాత రాసే చేతులు అవి. చాలు చివర మోకు దించి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, చాలాసేపు రొప్పాడు. చేను పై సగం వైపు చూశాడు. ఆ తరువాత సిద్ధమ్మ గారి వైపు చూసి, అలసిన మనిషి ఎవరైనా అనే మాటే అన్నాడు.

"అమ్మగారూ, తక్కింది రేపు..."

ఆ మాట వరకే బయటికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. సవారమ్మ ఒళ్ళో గింజల మూట గట్టిగా పట్టుకుని గుట్ట వైపు చూస్తోంది. గాలి మాత్రం ఆగకుండా వీస్తోంది.

సిద్ధమ్మ గారు మెల్లగా గట్టు దిగి వచ్చారు. వంగి, అప్పుడే తీసిన చాలులోంచి గుప్పెడు మన్ను తీసుకుని, బొబ్బలెక్కిన అతడి అరచేతిలో పోశారు. అతడి వేళ్ళు ఒక్కొక్కటిగా మూశారు.

"నన్నెందుకు అడగడం నాయనా? దీన్ని అడుగు. ఇది సరేనంటే నాకూ సరే."